నాలుగు లైన్ల విదేశీ వార్త

టీ బడ్డీ బెంచీ మీద గ్లోబు బాబాయ్ కూర్చున్నాడంటే చాలు, గ్లాసుల్లో టీ కూడా చల్లారడం మానేసి వినేది. పేపర్లో విదేశీ వార్తలు చూసే ఉద్యోగం నుంచి రిటైరై పదేళ్లయినా ఆయన నోరు మాత్రం రిటైరు కాలేదు.

"ఆ రోజు విదేశీ పేజీలో ఓ వార్త వేశాను. సముద్రాల అవతల ఓ సందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నారు, ఆ పొగకి పిల్లలు జబ్బు పడుతున్నారు, బుర్రలు ఎదగట్లేదు అని. నాలుగే లైన్లు! ఇంకొకడైతే పేజీ తిప్పేసేవాడు. నేనా? అక్కడ జరిగేది ఇక్కడెందుకు జరగదూ అనుకున్నాను. ముక్కెత్తి పీల్చానా, ఆఫీసు వెనక సందులోంచి అదే వాసన!"

"సముద్రాల అవతలి వాసన మీకెలా తెలుసు బాబాయ్?" అన్నాడు టీ తాగుతున్న మెకానిక్కు.

"ముక్కు అలాంటిది మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ దూకాను. పన్నెండడుగులు. పన్నెండెక్కడ, ఇరవై ఉంటుంది. లోపల అగ్నిపర్వతమంత కొలిమి, చుట్టూ నలభైమంది గూండాలు. పెన్ను తీశానంతే, ముప్పైతొమ్మిదిమంది పరార్!"

"ఆ మిగిలినవాడో?"

"వాడికి చదువు రాదు, పెన్నంటే భయం లేదు. వార్త చదివి వినిపించాను, భోరుమన్నాడు. మర్నాడు పేపరు రాగానే కొలిమి దానంతటదే ఆరిపోయింది. పదిహేడు దేశాలు ఆ వార్త అచ్చేసుకున్నాయి. పిల్లలంతా వారంలో లేచి పరుగు పందేలు..."

"ఏ పిల్లలు బాబాయ్?"

అడిగింది పక్క కొట్లో బట్టలు కుట్టే ఆవిడ. సూదుల డబ్బాలోంచి పసుపురంగుకి తిరిగిన కాగితం ముక్క తీసింది.

"ఆ నాలుగు లైన్లూ ఇవేగా? కత్తిరించి మీ ఆఫీసుకి తెచ్చింది నేనే. మా సందులోనూ ఇదే జరుగుతోంది, మా పాప అన్నం ముట్టట్లేదు, ఒక్కసారి వచ్చి చూడండి అన్నాను. మీరేమన్నారు?"

ఏమన్నాడో బాబాయ్‌కి పొల్లుపోకుండా గుర్తుంది. 'అది విదేశీ వార్తమ్మా, మన ఊరికేం సంబంధం?' ఆ మాట కనపడకుండా ఉండటానికే ఇన్నేళ్లుగా గోడ ఎత్తు పెంచుకుంటూ వచ్చాడు.

గ్లాసు కింద పెట్టాడు. "పాప... ఇప్పుడెలా ఉందమ్మా?"

"ఇరవయ్యారేళ్లొచ్చాయి. బొత్తాలు కుడుతుంది. పది దాటితే లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలెడుతుంది."

ఆవిడ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి డబ్బాలో పెట్టేసుకుంది.

"ఆ సందుకి గోడే లేదు బాబాయ్. నడిచొస్తే సరిపోయేది."