మేనమామ నెత్తురు

తెనాలిలో రేపల్లె రైలెక్కిన అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. కూతురు నాగదుర్గ పెళ్ళిమాటల కోసం కొన్న చీర కవరు అక్క ఒళ్ళో ఉంది. వేమూరు దాటేదాకా ఆగి, ఆమే మాట కదిపింది.

"దెబ్బ తగిలినా ఇప్పుడు నీకు నెత్తురు ఆగుతోందిగా. ఇంక నాగదుర్గని చేసుకోడానికి అడ్డమేంటి? మేనమామవి, నువ్వుండగా దాన్ని బయటికెలా ఇస్తాం?"

"హీమోఫిలియా తగ్గింది నా వరకేనక్కా."

"ఆ వైద్యం జన్యువునే బాగుచేస్తుందన్నావు?"

"పాడైనది అలాగే ఉంటుంది. జబ్బు చేసే గుణం తీసేసిన వైరస్‌లో పెట్టి, మంచి జన్యువుని నా కణాల్లోకి పంపారు. నెత్తురు గడ్డకట్టడానికి కావాల్సింది ఇప్పుడా కణాలే తయారుచేస్తున్నాయి. పిల్లలకి నా నుంచి వెళితే మాత్రం ఆ పాతదే వెళుతుంది."

"ఆ జబ్బు మగపిల్లలకేగా వచ్చేది. ఆడపిల్లలే పుడతార్లే."

"నాగదుర్గలోనూ అదే ఉంటే, రెండు వైపులా కలిసి ఆడపిల్లకీ రావచ్చు."

"దానికెందుకుంటుంది? నిక్షేపంలా ఉంది."

"నాకు అమ్మ నుంచి వచ్చింది. నీకూ వచ్చుండొచ్చు. పైకి తెలియకుండా నీ నుంచి దానికీ వెళ్ళుండొచ్చు."

ఆమె చీర కవరు తీసి పక్కన పెట్టింది.

"నాగదుర్గ పుట్టినప్పుడు నాకు నెత్తురు ఆగలేదురా. బతకననుకున్నారు."

"ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పలేదేంటక్కా?"

"జబ్బు నీదేనని అందరూ నీ మంచం చుట్టూ ఉన్నారుగా. నన్నెవరు అడిగారు?"