పెట్టె మీద కూర్చున్న పిల్ల

అధ్యక్ష స్థానంలో ఉన్న ఉపకులపతిగారికి, వేదిక మీది పెద్దలకు, పాఠాలు చెప్పే మాస్టర్లకు, పిల్లలకు, ముందు వరుసలో కూర్చుని "రెండు ముక్కలు చెప్పి దిగండి" అని అప్పుడే సైగలు మొదలుపెట్టిన మా ఆవిడకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నేను చదివింది ఐదో తరగతి, చేసింది ప్రయాణాల పెట్టెలు బాగుచేసే పని. రైల్వే స్టేషను వెనక సందులో కొట్టు. చక్రం మార్చినా పిడి బిగించినా, బరువేసి సందు చివరిదాకా లాగి చూడందే పెట్టె ఇచ్చేవాణ్ణి కాదు. ఆ బరువు ఏమిటనుకున్నారు? ఇదిగో, మీరంతా ఇవాళ పూలగుత్తి చేతికిచ్చి సన్మానిస్తున్న మా అమ్మాయే! (నవ్వులు, చప్పట్లు) బడి నుంచి వస్తూనే పెట్టె మీదెక్కి కూర్చుని, "ఇది ఏ దేశం వెళ్తుంది నాన్నా?" అని అడిగి, చెబితే మురిసిపోయి, "నేను కూర్చున్న పెట్టేగా, సగం నేను వెళ్ళినట్టే" అనేది.

ఇక్కడ చదువుతుండగా, కొన్నాళ్ళు విదేశంలో చదవడానికి ఎంపికైంది. ఎగిరి గంతేశాం. పెట్టె నేనే సిద్ధం చేశాను. తీరా చూస్తే, అక్కడ పిల్లలుండటానికి చోటు కుదరక ప్రయాణమే రద్దయింది. ఉపకులపతిగారూ, మిమ్మల్ని అనడం లేదు, అప్పటికి మీరూ కుర్రవారే అయ్యుంటారు. (నవ్వులు) ఆ రోజు సర్దిన పెట్టె మీద అది సాయంత్రం దాకా కూర్చుంది. ఏడవలేదు. లాగమనీ అడగలేదు.

మంచినీళ్ళు ఇప్పించండి బాబూ.

తర్వాత పెట్టెల ఫ్యాక్టరీ పెట్టింది, దేశాలు తిరిగింది, అయినా ఆ సాయంత్రాన్ని మరిచిపోలేదు చూడండి. చదువుకునే గదులు, పడుకునే గదులు, అందరూ కలిసి తినే పెద్ద బల్ల, అన్నీ ఉన్న ఇల్లొకటి ఆ విదేశంలోనే కట్టించి, విదేశీ అధ్యయన కేంద్రంగా మీ చేతిలో పెట్టింది. పేరు చెక్కిస్తామంటే, "పేరొద్దండీ, గుమ్మంలో మెట్లు తీసేసి వాలుగా కట్టండి, పిల్లలు పెట్టెలు లాక్కొస్తారు" అందట! నా కూతురని చెప్పుకోవడం కాదుగానీ... చెప్పుకోకేం, నా కూతురే! (చప్పట్లు)

ఇందాక టీ దగ్గర ఒక తల్లి కనిపించింది. వచ్చే వారం వెళ్ళే మొదటి జట్టులో వాళ్ళమ్మాయి ఉంది. ఆవిడకింకా మనసొప్పడం లేదు. "జ్వరమొస్తే ఎవరు చూస్తారు బాబాయిగారూ?" అంది. అమ్మా, మూడో వరుసలో తల దించుకున్నావుగానీ నేను చూశానులే. నీ భయం తప్పు కాదు. నేను వెళ్ళి ఆ ఇంట్లో ఉండి వచ్చాను. ప్రతి తలుపు గడియా వేసి చూశాను. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆవిడ కింది గదిలోనే ఉంటుంది, నేను ఒక్కసారి తుమ్మితే వేణ్ణీళ్ళు తెచ్చింది. పంపించు తల్లీ. సర్దిన పెట్టె మీద ఇంకో పిల్ల కూర్చుండిపోతే నేను చూడలేను. పెట్టె నా దగ్గరికి తీసుకురా, చక్రాలు నేను చూసిస్తాను.

(ఆ తల్లి లేచి: "పెట్టె ఇంకా కొనలేదు బాబాయిగారూ. ఏ సైజు తీసుకోమంటారు?")

విన్నారా! విన్నారా అండీ! (చప్పట్లు) పెద్దదే తీసుకో. అసలు కొనడమెందుకు, పెట్టెల ఫ్యాక్టరీ ఓనరు ఇక్కడే ఉంటే! (కూతురి వైపు తిరిగి) ఏమ్మా, కళ్ళెర్ర చేస్తున్నావనుకున్నాను, తుడుచుకుంటున్నావా?

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ వందనాలు. మా ఆవిడ లేచి నిలబడింది. రేపు సందు చివరిదాకా లాగి చూడాల్సిన పెట్టె ఒకటుంది. సెలవిప్పించండి.