దుప్పటి కొసలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, భుజం దెబ్బ మానాక ఆ పిల్ల మళ్ళీ పనిలోకి వచ్చిన మొదటి ఉదయం అది. సూపర్‌వైజరమ్మ ఆమెను మడతల బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఒక పొడి దుప్పటి రెండు కొసలు చేతికిచ్చింది.

“ఇదేంటక్కా, నన్ను మడతలకి వేశావు? మిషన్లోంచి తడి దుప్పట్లు లాగేది నేనే కదా.”

“లాగబోతేనే కదా, దుప్పటి మెలిపడి మిషన్ నీ చేతిని లాక్కుపోయింది. డాక్టరు ఇంకా చెయ్యి పైకెత్తొద్దన్నాడు.”

“నన్ను కూర్చోబెట్టి మేపుతున్నావని అనుకుంటారు.”

“అనుకోనీ. ఊరి నోటికి మూకుడు మూయగలమా? నీకు ఎదురుగా నేనే నిలబడతాను. కొసలు కలుపు.”

కొసలు కలిసినప్పుడు ఇద్దరి చేతులూ తగిలాయి.

“వణుకుతున్నావేంటే? నొప్పా?”

“నొప్పి కాదు. నవ్వనంటే చెప్తాను.”

“నవ్వను. చెప్పు.”

“ఇంట్లో మిక్సీ తిరిగినా నాకు గుండె దడక్కా. ఇక ఆ పెద్ద మిషన్ చప్పుడంటే…”

“ఇప్పుడు వినబడుతోందా?”

ఆమె చెవి ఒగ్గి వింది. పొద్దున్నించీ ఆ హోరు లేదన్న సంగతి అప్పుడు తట్టింది.

“లేదు. పాడైందా?”

“దానికేం, గుండ్రాయిలా ఉంది. పైగా ఇప్పుడు తలుపు తెరిస్తే దానంతటదే ఆగేలా చేయించాం. నువ్వు సరే అన్నాకే తిప్పుదామని అందరూ మిషన్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.”

“ఇంత పని పెట్టుకునా?”

“మాసిన దుప్పట్లు ఎక్కడికీ పారిపోవులే.”

ఆమె ఇంకో దుప్పటి తీసి రెండు కొసలు అక్కకి అందించింది.

“తిప్పమనక్కా. నీ కొసలు మాత్రం వదలకు.”