ఖాళీగా తిరిగిరాని గిన్నె

ఆర్డిస్‌కు కుడి రొమ్ము తీసేసి నెల దాటింది. వచ్చే మంగళవారం నుంచి కీమో. మిన్నెసోటాలోని ఒక చిన్న ఊళ్ళో, బయట మంచు పేరుకుపోయిన మధ్యాహ్నం వేళ, వంటింటి గోడ దగ్గర ఆమె, ఆమెను చూసుకోవడానికి వచ్చిన చెల్లెలు జానెల్.

"ఇంకొంచెం, అక్కా. వేళ్ళు గోడ మీద పాకించు. నిన్నటి గీత దాకా."

"నిన్నటి గీత పోయి గంగలో దూకమను. భుజం దాటి రానంటోంది చెయ్యి. లోపల ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంది."

"డాక్టరమ్మ రోజూ చెయ్యమంది కదా. రా, ఇంకొక్కసారి."

"మన చర్చి వెర్నాకి ఫోన్ చేశాను."

"ఎవరికి?"

"వెర్నాకి. వచ్చి నీ గిన్నె పట్టుకెళ్ళవే అన్నాను. బయల్దేరింది."

"ఎందుకక్కా? నేను ఇచ్చొచ్చేదాన్నిగా. కడిగి కార్లో కూడా పెట్టాను."

"పెట్టావు. నేను తీశాను. నిన్న అందులో ఓవెన్‌లో వండిన కోడిమాంసం హాట్‌డిష్ అడుగంటా తిన్నానా? గాజు గిన్నె కదా, అడుగున ఎర్ర చుక్క కనపడింది. నా గోళ్ళరంగు. చర్చి వంటింట్లో అందరి గిన్నెల్లో కలిసిపోకుండా నేను పెట్టుకునే గుర్తు."

"ఎర్ర చుక్క ఎవరైనా పెట్టుకుంటారు."

"మూల పెచ్చు కూడా ఎవరైనా లేపుకుంటారా? అది నేను చెరువు ఒడ్డున మన కేబిన్‌లో ఉంచిన గిన్నె. జింకల వేట నుంచి వచ్చి మీ బావ డ్వేన్ ఏమన్నాడో తెలుసా? 'నీ గిన్నె చెయ్యిజారి పగిలిపోయింది, ఏమనుకోకు ఆర్డిస్' అన్నాడు. గాజు గుచ్చుకుందేమోనని వేలు వేలూ పట్టుకు చూశాను, పిచ్చిమొహాన్ని. ఆ పగిలిపోయిన గిన్నె మొన్న నిండా కోడిమాంసంతో మన వరండాలోకి నడిచొచ్చింది."

"అందరూ వంటలు పెట్టి వెళ్తున్నారుగా అక్కడ. నువ్వు పడుకుని ఉంటావని తలుపు కొట్టకుండా డబ్బాలో పెట్టేసి పోతున్నారు. ఏది ఎవరిదో..."

"దాని మీద కాగితం ఉంది. 'త్వరగా కోలుకో, ప్రేమతో వెర్నా.' ప్రేమంట! కేబిన్ తాళాలు రెండే జానెల్. ఒకటి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. వెర్నా అక్కడికి ఎప్పుడెళ్ళింది?"

"డ్వేన్ అలాంటివాడు కాదక్కా."

"ఆపరేషన్ అయ్యాక ఒక్కసారైనా నా వంక చూశాడా? సోఫాలో పడుకుంటున్నాడు. నిద్రలో చెయ్యి తగిలి నాకు నొప్పెడుతుందని భయమంట. నొప్పంట!"

"నిజంగానే భయమేమో. మగాళ్ళకి రక్తం, కుట్లు అంటే..."

"నువ్వెందుకే అంత వెనకేసుకొస్తావు?"

"వెనకేసుకు రావట్లేదు. మంగళవారం పెట్టుకుని ఇప్పుడీ గొడవ వద్దంటున్నా. బాగా తిను, బాగా నిద్రపో అన్నారు నిన్ను. కీమో అంతా అయ్యాక తీరిగ్గా అడుగుదువుగాని."

"అయ్యేదాకా నేనుంటానని ఎవరైనా రాసిచ్చారా? నేను పోతే ఈ పొయ్యి ముందు ఎవత్తి నిలబడుతుందో నాకు ముందే తెలియాలి. అది తేలకుండా ఆ కుర్చీలో కూర్చుని సూది పొడిపించుకోను. దేవుడొచ్చి చెప్పినా పొడిపించుకోను."

"అలా అనకక్కా, నీకు దణ్ణం పెడతా."

"ఏయ్, నువ్వేడుస్తావేంటి? ఏడవాల్సింది ఆవిడ. ఏం చేస్తానో విను. ముందు కాఫీ ఇస్తాను. మర్యాద మర్యాదే. తర్వాత చొక్కా గుండీలు విప్పుతాను. 'నా మొగుడు చూడలేకపోతున్నాడమ్మా, నువ్వు చూడు, చూసి ఎలా ఉందో ఆయనకి చెప్పు' అంటాను. మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని ఇటు తిప్పుతాను."

"ఏ చేత్తో?"

"ఎడం చేత్తో! నవ్వులాటగా ఉందా నీకు? అక్కడితో వదలను. వారం వారం కీమోకి కారు నడిపేది ఆవిడే. నేను కక్కుకుంటుంటే బకెట్ పట్టుకునేది ఆవిడే. ఆదివారం చర్చిలో అందరి ముందూ అడుగుతా. కాదనలేదు. ఈ ఊళ్ళో ఎవరి మొహం మీద ఎవరు కాదన్నారు కనక? కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, 'అయ్యో, దానికేం భాగ్యం' అంటుంది. చావాలి. ప్రతి మైలూ నా పక్కన కూర్చుని చావాలి."

"నేనుండగా ఆవిడెందుకు? నేను నడుపుతాను. నేనే పట్టుకుంటాను. నీ జుట్టు తీసే రోజు నాదీ తీయించుకుంటానని మాట కూడా ఇచ్చానుగా."

"నీ జుట్టు జోలికి వెళ్ళొద్దని చెప్పాను. నడుం దాటిన జడ. చిన్నప్పుడు నేను దువ్వి పెంచిన జుట్టే అది. ఇద్దరం గుండ్లేసుకు కూర్చుంటే ఎవర్ని చూసి ఎవరు ఓదార్చుకోవాలి? నువ్వు నా మనిషివి. నీకెందుకే శిక్ష?"

"అక్కా, పోనీ ఆ పని ఇప్పుడే కానిద్దామా? జుట్టు తీసే మిషన్ బల్ల మీదే ఉంది. వెర్నా వచ్చినా తలుపు తీయొద్దు. పడుకున్నావని చెప్పి పంపేస్తా."

"అదిగో కారు. తలుపు తియ్యి."

"వద్దక్కా. నా మాట విను."

"తియ్యి జానెల్."

వెర్నా బూట్ల మంచు దులుపుకుని, చేతిలో ఇంకో డబ్బాతో లోపలికి వచ్చింది. వెర్నా ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్ళే మనిషి కాదు.

"అబ్బ, మొహం తేటపడింది ఆర్డిస్! నేను ఎక్కువసేపు ఉండనులే, అలిసిపోతావు. ఇవి నిమ్మకాయ మిఠాయి బార్లు. ఏదో, బాగా కుదరలేదు."

"కూర్చో. కాఫీ తాగు."

"వద్దొద్దు, నీకెందుకు శ్రమ."

"తాగు వెర్నా."

"మరీ అంతగా అంటే అరకప్పు."

"ఇదిగో నీ గిన్నె."

"ఇదా? ఇది నాది కాదే! నువ్వు ఫోన్లో గిన్నె అంటే, మొన్న చర్చిలో మర్చిపోయిన నా గిన్నేమో అనుకుని వచ్చాను."

"నీది కాదని నాకూ తెలుసు. నీ చేతికెలా వచ్చింది? నా కళ్ళలోకి చూసి చెప్పు."

"అక్కా, మందు వేసుకునే టైమైంది."

"నువ్వు నోర్ముయ్. వెర్నా, నేను ఈ గుండీలు విప్పకముందే చెప్పు."

"గుండీలేంటమ్మా? కుట్ల దగ్గర సలుపుతోందా? గిన్నెదేముంది, మా అమ్మ పోయినప్పుడు ఇందులో వంట వచ్చింది. ఖాళీ గిన్నె తిప్పి ఇవ్వకూడదు కదా! నాకేమో పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కాక ఇన్నాళ్ళూ అలా ఉండిపోయింది. మనిషి ఎలాగూ ఇక్కడే ఉంది, నింపి ఇక్కడే పెడితే మీ ఇద్దరికీ ఓ పూట గడుస్తుందని..."

"ఎవరు? ఇక్కడే ఉన్న మనిషెవరు?"

"ఇంకెవరు, జానెల్! వేట రోజులు కదా అప్పుడు, జింకమాంసంతో చేసి తెచ్చింది. మెత్తగా వెన్నలా ఉంది. ఎక్కడిదే అంటే డ్వేన్ కొట్టిందేనని చెప్పింది. కదూ జానెల్? అదేంటి, అలా గోడకి ఆనుకుపోయావేం?"

"జానెల్."

"చూసుకోలేదక్కా. కేబిన్ నుంచి తెచ్చినప్పుడు అడుగున చుక్క ఉందని చూసుకోలేదు."

"నేనడిగేది చుక్క గురించి కాదు."

"అది నీకు జబ్బని తెలియకముందక్కా. తెలిసిన రోజే అంతా మానేశాం. ఒట్టు."

"ఎంత దయ! నాకు పుండు పుట్టిందని మీకు బుద్ధి పుట్టింది."

"నెల రోజులుగా నీకు చేసిందంతా మనస్ఫూర్తిగానే చేశాను. నమ్మక్కా."

"నమ్ముతున్నా. ఆ చేతులతోనే కట్టు మార్చావు. ఆ చేతులతోనే తినిపించావు. నేను నీ ఒళ్ళో తల పెట్టుకుని ఇంకెవర్నో తిట్టుకున్నాను."

"ఆర్డిస్, నేనేమైనా అనకూడనిది అన్నానా? నే వెళ్ళొస్తాను. అరకప్పు తాగేశాను కూడా."

"ఎక్కడికే? ఇంకో అరకప్పు పోస్తాను, కూర్చో. నిన్ను నానా మాటలూ అన్నాను, అవన్నీ నాకు వెనక్కిచ్చెయ్. సోఫాలో పడుకునేవాడి సంగతి సాయంత్రం చూస్తా. జానెల్, కుర్చీ ఇటు లాక్కో."

"అక్కా..."

"మాట ఇచ్చావుగా. కూర్చో. జడ విప్పు. వెర్నా, నా చెయ్యి భుజం దాటి లేవట్లేదు. కాస్త ఆ మిషన్ నువ్వు పట్టుకోవూ!"