కరిచి పట్టు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఆటసామాన్ల కొట్టు. మధ్యాహ్నం, బేరాల్లేని వేళ. గల్లాపెట్టె వెనక కొట్టు యజమానురాలు పరమేశ్వరి. ఎదురుగా బాక్సింగ్ కోచ్ ఉమాశంకర్ భార్య మీనాకుమారి.

"ఇది కాదక్కా. యేణ్ణీళ్ళలో ఏస్తే మెత్తబడతాది సూడు, అది కావాల."

"అదే ఇది, మీనా. మౌత్‌గార్డులు ఇప్పుడన్నీ అలాంటివే వస్తున్నాయి. వేణ్ణీళ్ళలో కాసేపు ముంచి, నోట్లో పెట్టుకుని కరిచి పడితే పళ్ళ అచ్చు పడుతుంది. మీ ఆయన నీకు చెప్పలేదా? ఊళ్ళో పిల్లలందరికీ అమర్చేది ఆయనేగా."

"సెప్పినారు. మందంగా ఉన్నది తెమ్మన్నారు."

"మందంగానే ఉందిది. ఎవరికి?"

"క్లబ్బులో... ఓ అమ్మాయికి."

"ఏ అమ్మాయి? హేమశ్రీకా? మొన్నేగా తీసుకెళ్ళింది, గులాబీ రంగుది."

"హేమశ్రీ కాదు. వేరే అమ్మాయి. నీకు తెలీదు."

"నాకు తెలీని అమ్మాయా! వాళ్ళ గ్లవ్స్‌ దగ్గర్నుంచి బూట్ల దాకా అన్నీ ఇక్కడివేనే. సరే, ఆ పిల్లనే ఓసారి పంపు. నోరు చూడకుండా ఇస్తే వదులైపోతుంది. ఊపిరి కోసం నోరు తెరిచేసరికి ఊడి కిందపడుతుంది."

"ఆ అమ్మాయి రాదక్కా. ఇచ్చీ, ఎల్లిపోతాను."

"కూర్చో. టీ చెప్పాను. ఎందుకంత తొందర? ముందా చెయ్యి తియ్యి. నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడితే సగం మాటలు వినబడ్డం లేదు."

"పన్ను నొప్పక్కా."

"ఏదీ, చూపించు."

"వొద్దక్కా. లవంగం పెట్టినాను. తగ్గిపోతాది."

"బాగుంది! ఉమాశంకర్ గారి పెళ్ళానికి పన్ను నొప్పా? పళ్ళంటే ఆయనకున్న పట్టింపు ఇంకెవరికుంది? మా అబ్బాయి వెంకటసాయి ఓరోజు గార్డు మర్చిపోయి వెళ్తే రింగు ఎక్కనివ్వలేదు. వెనక్కి పంపేశారు. పోయిన చలికాలం హాకీలో మోహనకృష్ణ గారమ్మాయి చూడు, గార్డు సంచిలో పెట్టుకుని ఆడింది. కర్ర తగిలి ముందర పళ్ళు రెండూ పోయాయి. అప్పుడు ఆ పిల్లని చేతుల్లో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఎవరు? మీ ఆయనే."

"అవున్లే. పిల్లలంటే ఆయనకి పేణం."

"ఎవర్నీ గట్టిగా కసురుకోరు కూడా. అదృష్టవంతురాలివే నువ్వు."

"పాతది తెచ్చినాను, సైజుకి. ఇదిగో."

"గుడ్డలో చుట్టి తెచ్చావేంటి, డబ్బా ఏదీ? అమ్మో! ఏంటే ఇది, ఇలా కొరికేసింది! ఈ పక్కంతా చిల్లులే. ఎప్పుడు కొన్నది?"

"దుర్గాపూజలప్పుడు."

"పూజలకి కొన్నది అప్పుడే ఇలా అయిపోయిందా? మా వాడు ఏడాదంతా వాడినా... మీనా, ఈ ఎరుపేంటి?"

"ఏ ఎరుపు?"

"ఇదిగో, అచ్చుల లోపల. రక్తం కాదు. కిళ్ళీ మరక. కిళ్ళీ నమిలే పిల్ల ఎవరే మీ క్లబ్బులో?"

"ఏమోనక్కా."

"ఏమోనా? గోల్‌బజార్ మొత్తం మీద ఇంత కిళ్ళీ నమిలే ఆడది నువ్వే. ఇది నీది!"

"అక్కా..."

"ఆరే బాబా! నువ్వూ నేర్చుకుంటున్నావా? ఈ వయసులో! ఎంత దొంగవే! ఎవరితో నీకు పోటీ, హేమశ్రీతోనా?"

"నవ్వకక్కా."

"నవ్వకేం చెయ్యను? చీర కట్టుకునే ఎక్కుతావా రింగు?"

"నవ్వకక్కా. దణ్ణమెడతాను."

"సరే, సరే. నవ్వను. మరెందుకే ఇది? నిద్దట్లో పళ్ళు కొరుకుతావా? మా అత్తగారికీ ఉండేది. పక్కగదిలోకి వినబడేది పటపటమని. డాక్టరు ఇలాంటిదే పెట్టుకోమన్నాడు."

"ఆఁ. అదే. నిద్దట్లో కొరుకుతాను."

"మరి క్లబ్బులో అమ్మాయికని ఎందుకు చెప్పావు?"

"సిగ్గేసింది."

"దానికి సిగ్గెందుకే, పిచ్చిదానా. అలాగైతే మందంది వద్దు, పల్చటిది చాలు. మందంది దెబ్బలు తినేవాళ్ళకి."

"మందందే ఇయ్యి."

"అది పెట్టుకుని పడుకుంటే ఊపిరాడదే..."

"మందందే ఇయ్యమన్నాను గదక్కా!"

"మీనా. ఇలా చూడు."

"సూత్తన్నాను."

"నన్ను చూడు, గోడని కాదు. చెయ్యి తియ్యి. తియ్యి అంటున్నానా... అమ్మా! ఈ దవడేంటి, ఇలా వాచిపోయింది? పౌడరు రాసుకొస్తే కనబడదనుకున్నావా?"

"బాత్రూములో జారిపోనాను."

"అబద్ధం. ఆయనేనా?"

"మెల్లగా అక్కా. బయట రిక్షా తొక్కే దాదా ఉన్నాడు."

"ఉండనీ. కొడుతున్నాడా నిన్ను? పిల్లలంతా సార్ సార్ అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టే ఆ మనిషి, కొడుతున్నాడా?"

"క్లబ్బులో ఎవుల్నీ కొట్టరు. అక్కడ కోపం రాదు. ఇంటికొచ్చినాకే."

"అందుకని నువ్వు గార్డు పెట్టుకుంటున్నావా? నీ పళ్ళు కాపాడుకోడానికి ఆయనకి తెలీకుండా కొనుక్కుని..."

"నేను కొనుక్కోడమేటక్కా. ఆయనే పంపినారు."

"ఏంటీ?"

"పోయినేడు నా పన్నొకటి ఇరిగిపోనాది. ఆసుపత్రిలో నర్సు దీదీ గుచ్చి గుచ్చి అడిగింది, ఎలా ఇరిగింది, ఎవులు కొట్టినారు అని. అప్పట్నుంచీ ఇది. కొత్తది తెస్తే యేణ్ణీళ్ళు ఆయనే కాస్తారు. అందులో ముంచి తీసి, ఊది, నా నోట్లో పెడతారు. 'కరిసి పట్టు, మీనా' అంటారు. మెత్తగానే అంటారక్కా, క్లబ్బులో పిల్లలకి సెప్పినట్టే. అచ్చు సరిగ్గా పడిందో లేదో ఏలెట్టి సూస్తారు. తరవాత కోపం వొచ్చిన రోజు డబ్బా తీస్తారు. ఆ మూత సప్పుడైతే నాకు తెలిసిపోతాది."

"భగవంతుడా."

"గార్డుంటే అరుపు కూడా బయటికి రాదు. అదీ బాగుంది ఆయనకి."

"ఇది నీకివ్వను. వింటున్నావా? నా కొట్లోంచి ఇది ఆ ఇంటికి వెళ్ళదు."

"నువ్వియ్యకపోతే మానీసి కూకుంటారేటి? ఇయ్యక్కా."

"ఇవ్వను. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నాను, ఒక్కమాట చెప్పలేకపోయావా? ఇవాళైనా నేను కనిపెట్టకపోతే మందంది పట్టుకుని వెళ్ళిపోయేదానివేగా?"

"లేదు. ఇవాళ సెప్పాలనే వొచ్చినాను. గుమ్మంలోకొచ్చేసరికి నోరు రాలేదు."

"ఎందుకు? ఇవాళేమైంది?"

"ఇవాళ రెండు తెమ్మన్నారక్కా."

"రెండా?"

"రెండోది సిన్న సైజు. మా భవ్యకి."

"భవ్యకా! ఒకటో క్లాసు పిల్లకి గార్డెందుకే? అదేం ఆట ఆడుతుంది?"

"ఏ ఆటా ఆడదు. నిన్న నాకు అడ్డం వొచ్చింది. ఆయన సెయ్యి కొరికీసింది."

"ఇప్పుడెక్కడుంది అది?"

"బళ్ళో. ఇంకాసేపట్లో ఒదిలేస్తారు. నేనే ఎల్లి తేవాల."

"లే. ఉండు, మీ బావగారికి ఫోన్ చేస్తా... హలో, ఏవండీ, ఎక్కడున్నారు? కారు తీసుకుని కొట్టుకి రండి. ఇప్పుడే. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు బయల్దేరండి. మీ ఆఫీసు గోవిందరావు గారు పక్కనే ఉంటే తోడుగా ఆయన్నీ తీసుకురండి... ఆఁ, తొందరగా."

"ఈశ్వరరావు బావగారికి సెప్పీస్తావా?"

"చెప్తాను. అందరికీ చెప్తాను. ముందు బడికెళ్దాం. భవ్యని ఎక్కించుకుని సీదా మా ఇంటికి. అక్కణ్ణుంచి పోలీసు థానాకి. ఆ గుమ్మం నువ్వు మళ్ళీ తొక్కడానికి వీల్లేదు."

"నా బట్టలు..."

"నా చీరలు లేవా?"

"నిజంగానేనా అక్కా? మమ్మల్ని ఉండనిస్తావా?"

"పిచ్చి ప్రశ్నలు వెయ్యకు. కళ్ళు తుడుచుకో. నీ ఫోనే మోగుతోంది."

"ఆయనే."

"ఎత్తకు."

"ఎత్తకపోతే ఇక్కడికే వొచ్చీస్తారు."

"అయితే గార్డులు లేవని చెప్పు. సరుకు అయిపోయింది, కలకత్తానుంచి రావాలని చెప్పు. అది లేకుండా మొదలుపెట్టడుగా? రెండు రోజులు ఆగుతాడు. గొంతు వణకనీకు."

"హలో... ఆఁ, కొట్లోనే ఉన్నాను. లేవంట... పెద్దదీ లేదు, సిన్నదీ లేదు. కలకత్తానుంచి రావాలంట... ఆఁ... ఏటి?... ఎప్పుడు?... ఆఁ."

"నమ్మాడా?"

"నమ్మినారు."

"హమ్మయ్య. అదిగో, మీ బావగారి కారు మలుపు తిరిగింది. నడు, బడికి పోదాం. మీనా? ఏంటలా నిలబడిపోయావు? ఏమన్నాడే?"

"బడికి ఎల్లక్కర్లేదక్కా. పాపని ఆయనే ఇంటికి తెచ్చీసినారంట. గార్డు లేకపోయినా పర్లేదు, దానివి పాలపళ్ళే గదా, అన్నారు."