మందిరంలో నమాజు

హలో… ఆ, నేనే అయ్యగారూ, నర్సు ప్రేమమ్మను. ఇబ్రహీంపట్నం మిషన్ దవాఖాన నుంచి… గట్టిగ మాట్లాడలేను. బయట మంది ఉన్నరు.

…మనూరోళ్లే. కట్టెలు, గాసునూనె డబ్బాలు వట్కొని దవాఖానకు ఆనుకున్న మన ఏసు మందిరం సుట్టు నిలవడ్డరు. కిటికీల కెల్లి కనవడుతున్రు.

…అవ్, పటేలు నారయ్యనే ముందలున్నడు. మిల్ట్రీ వచ్చింది, నిజాం లొంగిండని తెల్సిన కాడ్నుంచి ముసల్మానుల ఇండ్ల మీద వడ్డరు.

…రజాకార్లా? వాళ్లు ఎన్నడో పారిపోయిన్రు. దొరికింది దూదేకుల ఇమాంబీ, ఆమె కోడండ్లు, పిల్లలు. పొద్దుగాల ఉరికొచ్చి నా కాళ్ల మీద వడ్డరు. మందిరం తాళం తీసి లోపలికి తోలిన.

…మిమ్ములను అడుగుదామంటె పట్నానికి ఫోను కలవకపాయె.

…దేవుని ఇల్లే. నాకెరికే.

…అవ్, ప్రభువు బల్ల మీది తెల్లబట్ట చింపిన. ఇమాంబీ తలకు కట్టిన. నెత్తురు ఆగకపాయె.

…ఇంకోటి. వేరేటోళ్లు చెప్పేకంటె నేనే చెప్తే మంచిది. లోపల నమాజు చేసుకున్నరు. పడమర ఎటని అడిగితె నేనే చూపెట్టిన.

…అయ్యగారూ? ఉన్నరా?

…మైల వడ్డదంటరా… మరి దేవుడు గోడల నడుమ ఉండడు, మనుషులల్ల ఉంటడని మొన్న మీరే చెప్పిన్రు కదా… లేదు, వాదం వెట్టుకుంటలేను.

…నారయ్యనా? "వాళ్లను బయటికి తోలు, మందిరం జోలికి రాం. లేకుంటె మందిరానికి అగ్గి వెడ్తం" అంటుండు.

…మీరు సుత గదే మాటనా?

…ఎరికే. ఆ మందిరం రాళ్లు మీరు మోసినయే. కానీ వాళ్లను తోలినంక, ఆదివారం ఆ గోడల నడుమ నిలవడి ఎవరికి పాట పాడాలె అయ్యగారూ?

…ఆగున్రి. మందిరం తలుపు మీద గుద్దుతున్రు… ఎవరో ముసలామె మందిని తోసుకుంట వస్తున్నది. నారయ్య తల్లి, బుగ్గమ్మ. గడపల కూసున్నది… ఒర్రుతున్నది, "రజాకార్లొచ్చిన నాడు ఇమాంబీ నన్ను దూది కుప్పల దాసింది. ముందు నన్ను కాల్చురా" అని.

…లే, ఏం జేస్తలేడు. నారయ్య డబ్బా కింద వెట్టిండు.

…జర ఎనుకకు జరిగిన్రు. గని పోతలేరు, బాటకు అడ్డం కూసున్నరు. మమ్ములనైతె కదలనియ్యరు. మందిరంల నీళ్లు అయిపోయినయ్, పిల్లలు ఏడుస్తున్రు.

…ఏందీ? మల్లొకసారి చెప్పున్రి… ఏడుస్తున్నరా అయ్యగారూ?

…ఇప్పుడా? సరె, ప్రార్థన చెయ్యున్రి. గని నేను కండ్లు మూసుకోను, తప్పు వట్టకున్రి. గడపల ముసలామె ఒక్కతే ఉన్నది.

…లే, ఫోను వెట్టేస్తలేను. బల్ల మీద వెడ్తున్న. మీరు చేస్తనే ఉండున్రి. నేను పోయి ఆమె పక్కన కూసుంట.