వీపు చూడందే పోలియో అనని సారంగపాణి గారు

1957 జూన్ మూడవ తేదీన డాక్టర్ సారంగపాణి గారు మన వరంగల్ ఆసుపత్రి శస్త్రచికిత్సా విభాగంలో చేరారు. పై అధికారులతో వారి మొదటి వాగ్వాదం ఆ వారంలోనే జరిగింది. అది చివరిది కాలేదని మనందరికీ తెలుసు.

కాలు ఈడ్చే ప్రతి బిడ్డకూ పోలియో అని రాసి పంపడం ఆనాటి రివాజు. చొక్కా విప్పించి వీపు చూడందే ఆ మాట రాయనని వారు భీష్మించారు. గది బయట వరుస పెరిగింది, ఫిర్యాదులూ పెరిగాయి. వారి పట్టుదల మాత్రం సడలలేదు.

1961లో కేసముద్రం నుంచి మొగిలమ్మ తన ఐదేళ్ల కూతురు భారతిని ఎత్తుకొని వచ్చింది. పిల్ల నడుము మీద కుచ్చులా పెరిగిన వెంట్రుకలు చూడగానే వారికి అనుమానం వచ్చింది. ఎక్స్‌రేలో రుజువైంది: వెన్నెముక లోపల పుట్టుకతోనే మొలిచిన ఎముక ముల్లొకటి వెన్నుపామును రెండు పాయలుగా చీల్చి బిగబట్టింది. పిల్ల ఎదిగేకొద్దీ నరాలు లాగుకుపోయి, ఎడమ కాలు చచ్చుబడి, కుడి కాలూ తడబడసాగింది. ఇక్కడ ఎవరూ చేయని ఆపరేషన్ అది. వద్దని పైనుంచి మాట వచ్చింది. "రెండో కాలు పోకుండా ఆపే దారి మీరు చెప్పండి, మానుకుంటాను" అన్నారు వారు. ఆపరేషన్‌కు రోజు కూడా నిర్ణయించేశారు.

అయితే ముందు ఆ వెంట్రుకలు గొరగాలనేసరికి తల్లే అడ్డుపడింది. "ఆ ఎంటికలు ఐలోని మల్లన్నకు మొక్కినం సారూ. జాతరల్నే తియ్యాలె. ఈడ కత్తి పెట్టనియ్య."

"జాతర దాక కాలు ఆగుతదా అమ్మా? మల్లన్న పేరు చెప్పి ఈడనే తీయిద్దాం. దేవునికి కోపమొస్తే నా పేరు చెప్పు."

"ఉత్త పేరు చెప్తె ఎట్ల? నువ్వు గూడ మా ఎంట రావాలె."

ఎన్నడూ సెలవు పెట్టని మనిషి సెలవు పెట్టి, ఆ వెంట్రుకల మూటతో ఐలోని జాతరకు వెళ్లారు. నాస్తికుడని పేరుపడ్డ వారు నుదుట మల్లన్న బండారి పసుపుతో తిరిగి వస్తే మేమంతా ఆటపట్టించాం.

ఆపరేషన్ అయినా భారతి ఎడమ కాలికి పోయిన బలం తిరిగి రాలేదు. కుడి కాలు నిలిచింది. "ఇంకా కుంటుతూనే ఉంది, సాధించిందేమిటి?" అని ఒక సమావేశంలో ఎవరో అడిగితే, "నడుస్తోంది" అని మాత్రం అన్నారు వారు. ఆ తర్వాత మరికొందరు పిల్లలు కాళ్లు పోకముందే వారి చేతికి చేరారు.

రేపటి నుంచి వారు ఆసుపత్రికి రానక్కరలేదని పదవీ విరమణ ఉత్తర్వు చెబుతోంది. వారేమో వచ్చే సోమవారానికి ఇద్దరు పిల్లలను రమ్మన్నారు. ఉత్తర్వులకు వారిచ్చే విలువ మనకు కొత్త కాదు. సారంగపాణి గారు ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఆ నూరేళ్లూ ఎవరి మాటా వినకుండా ఉండాలనీ మా ఆకాంక్ష.